గోదాంలో దిగిన సరుకు అమ్ముడైనట్టు కాదు

నెల మొదటి పది రోజులూ ఏ సందడీ కనిపించని డిస్ట్రిబ్యూటర్ గోదాం ముందు 29, 30 తేదీల్లో లారీలు వరస కడతాయి. సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, టీపొడి వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ఆ రెండు రోజుల్లో ఊళ్లో జనం రెండుసార్లు స్నానం చేయరు, నాలుగు కప్పులు ఎక్కువ టీ తాగరు. అయినా కంపెనీ పుస్తకంలో నెల అమ్మకాల్లో పెద్ద ముక్క ఆ రెండు మూడు రోజుల్లోనే పడుతుంది. కంపెనీ 'అమ్మకం' అని రాసుకునేది తన డిపో నుంచి డిస్ట్రిబ్యూటర్ పేర బిల్లు కొట్టినప్పుడు మరి.

దీన్నే ప్రైమరీ అంటారు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి కిరాణా కొట్టుకు వెళ్లేది సెకండరీ. కొట్టు మీంచి కొనేవాళ్ల సంచిలోకి వెళ్లేది మూడోది. చాలాచోట్ల దానికి బిల్లు కూడా ఉండదు, కాబట్టి ఎవరి రిపోర్టులోనూ కనిపించదు. కానీ ఈ గొలుసులోకి కొత్త డబ్బు వచ్చేది ఆ మూడో చోటే. మిగతా రెండుచోట్లా జరిగేది సరుకు ఒక గది నుంచి ఇంకో గదికి మారడం, అప్పు ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికి మారడం. ఇల్లు అలకగానే పండగ కాదన్న మాట ప్రైమరీకి సరిగ్గా సరిపోతుంది.

సేల్స్ మేనేజ్‌మెంట్‌లో కనిపించే జబ్బుల్లో సగానికి పైగా ఒక్కచోటి నుంచే మొదలవుతాయి: టార్గెట్‌ను ఎక్కడ కొలుస్తున్నారు అన్నచోటి నుంచి. ప్రైమరీ మీద కొలిస్తే అందరి తెలివీ గోదాం నింపడానికే ఖర్చవుతుంది. స్కీంలు (కొట్లకిచ్చే ఉచిత సరుకు, తగ్గింపులు), సేల్స్‌మన్ ప్రవర్తన, అరువు, కొత్త సరుకు ప్రవేశం అన్నీ ఆ వంకరలోనే పెరుగుతాయి.

లెక్క చిన్నదే. మొదటి నిల్వకు ప్రైమరీ కలిపి సెకండరీ తీసేస్తే చివరి నిల్వ. నెలకు 20 లక్షల రూపాయల సరుకు కొట్లకు వెళ్లే ఒక పట్టణ డిస్ట్రిబ్యూటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒకటో తేదీన ఆయన దగ్గర 10 లక్షల సరుకు ఉంది, అంటే పదిహేను రోజులది. వరసగా రెండు నెలలు కంపెనీ మనిషి టార్గెట్ కోసం 23 లక్షల చొప్పున బిల్లు కొట్టించాడు. కొట్లకు వెళ్లింది మాత్రం 20 లక్షల చొప్పునే. రెండో నెలాఖరుకు నిల్వ 16 లక్షలు, అంటే ఇరవై నాలుగు రోజులది. నిల్వను మళ్లీ మామూలు స్థాయికి తేవాలంటే మూడో నెలలో 14 లక్షలే బిల్లు కొట్టాలి. కానీ మూడో నెల టార్గెట్ నిరుటి అంకె మీద పది శాతం కలిపి వచ్చేస్తుంది. ఏ ఏరియా మేనేజరూ తన చేతులతో 14 లక్షలు అని రాసి పైకి పంపడు. అలా గోదాం ఉబ్బుతూనే ఉంటుంది.

డిస్ట్రిబ్యూటర్ జేబు

ఈ ఉబ్బు ఖరీదెంతో తెలియాలంటే డిస్ట్రిబ్యూటర్ వైపు కూర్చుని లెక్క వేయాలి. అదే 20 లక్షల మీద ఆయన మార్జిన్ 5 శాతం అనుకుంటే నెలకు లక్ష రూపాయలు. ఇద్దరు సేల్స్‌మన్‌ల జీతం 32,000. డెలివరీ బండి, డ్రైవరు, డీజిలు, దించే మనిషి కలిపి 26,000. గోదాం అద్దె, కరెంటు 9,000. లెక్కలు రాసే మనిషికి 9,000. మొత్తం 76,000 పోతే చేతిలో మిగిలేది 24,000.

ఇక పెట్టుబడి: నిల్వ 10 లక్షలు, మార్కెట్లో కొట్ల మీద బాకీలు ఆరున్నర లక్షలు, కంపెనీ నుంచి ఇంకా రావాల్సిన స్కీం, డ్యామేజీ క్లెయిములు లక్షన్నర. వెరసి 18 లక్షలు. 18 లక్షల మీద నెలకు 24,000 అంటే ఏడాదికి 16 శాతం. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) వడ్డీ పోయినా నాలుగు మెతుకులు మిగులుతాయి, మనిషి నిలబడతాడు.

ఇప్పుడు నిల్వ 16 లక్షలకు పెరిగింది, పెట్టుబడి 24 లక్షలైంది. గోదాంలో చోటు చాలక, కంపెనీకిచ్చిన చెక్కు తేదీ దగ్గరపడి, ఆయన 6 లక్షల సరుకును హోల్‌సేల్ వాళ్లకు తన మార్జిన్‌లోంచి 2 శాతం వదులుకుని తోశాడు. 12,000 అక్కడ పోయింది. మిగిలింది 12,000. ఏడాదికి 6 శాతం. అదే డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకుంటే సేల్స్‌మన్‌ను పొద్దున్నే ఫోన్ చేసి లేపే బాధ కూడా ఉండదు. పేరున్న ఏజెన్సీలను రెండు మూడేళ్లకే తిరిగి ఇచ్చేసేవాళ్ల వెనక ఎక్కువగా ఉండేది ఈ సాదా లెక్కే. కంపెనీ ఫైల్లో మాత్రం 'డిస్ట్రిబ్యూటర్‌కు ఆసక్తి తగ్గింది' అని ఉంటుంది.

ఏరియా మేనేజరు ప్రతి నెలా ప్రతి డిస్ట్రిబ్యూటర్‌కూ ఈ రాబడి లెక్క వేసి దగ్గర పెట్టుకోవాలి. ఏడాది రాబడి ఓడీ వడ్డీ కిందికి జారితే, సరుకు ఎంత బాగున్నా, టీవీలో ప్రకటన ఎంత మెరిసినా, ఆ ఊళ్లో అమ్మకం మరో ఆరు నెలల్లో పడిపోవడం ఖాయం.

స్కీం ఎటు పోతుంది

పన్నెండుకు ఒకటి ఉచితం అన్నది కొట్టు మనిషి నోట్లో 8 శాతం. నిజానికి పదమూడు పీసులకు పన్నెండింటి డబ్బు ఇస్తున్నాడు కాబట్టి అది 7.7 శాతం. పదికి ఒకటి అంటే 10 శాతం కాదు, 9.1 శాతం. ఇంత చిన్న తేడా ఎవరిక్కావాలి అనిపించవచ్చు. కానీ క్లెయిము రాసేటప్పుడు ఉచిత సరుకును ఏ ధరకు లెక్కగట్టాలన్న దగ్గర డిస్ట్రిబ్యూటర్‌కూ కంపెనీకీ పేచీలు వచ్చేది ఇలాంటి తేడాలతోనే.

అసలు చిక్కు శ్లాబులతో. ఐదు కేసులు తీసుకుంటే ఇంకో 3 శాతం అని స్కీం పెడితే, వారానికి పన్నెండు పీసులు అమ్మే కొట్టుకు అది అందదు. అందేది హోల్‌సేల్ వాళ్లకు. హైదరాబాద్ బేగంబజార్‌లోనో, విజయవాడ పక్కన గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌లోనో సరుకు తిప్పేవాళ్ల జీవనం సన్నని మార్జిన్, వేగం. వాళ్లు ఆ 3 శాతంలో రెండున్నర వదిలేసి మర్నాటికల్లా సరుకు దాటించేస్తారు. అందులో మోసమేమీ లేదు, అది వాళ్ల వ్యాపార ధర్మం. ఫలితం మాత్రం సేల్స్‌మన్ మీద పడుతుంది. వారం తర్వాత అతను కొట్టుకు వెళితే, 'నీ రేటు కన్నా మార్కెట్లోనే తక్కువకు దొరికింది' అన్న మాట ఎదురవుతుంది. బిల్లు పడదు. నాలుగు వారాలు అలా జరిగితే ఆ కొట్టు అతని జాబితాలో పేరుకే మిగులుతుంది. కంపెనీ తన డబ్బుతో తన సేల్స్‌మన్‌నే ఓడించుకున్నట్టు లెక్క.

చిన్న కొట్లకు చేరాల్సిన స్కీం చిన్న శ్లాబులోనే ఉండాలి. కొట్టుకు ఇన్ని కేసులని పరిమితి కావాలి. నెల మొదటి వారంలో మొదలై పదిహేనో తేదీకల్లా ముగియాలి. నెలాఖరులో హడావిడిగా విడిచిన స్కీం దాదాపు ప్రతిసారీ హోల్‌సేల్‌కే వెళుతుంది. ఆ రెండు రోజుల్లో కొట్టుకొట్టుకూ తిరిగి అమ్మే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇదంతా తెలిసి చాలా కంపెనీలు టార్గెట్‌ను సెకండరీ మీదికి మార్చాయి. సేల్స్‌మన్ చేతికి ఫోన్‌లో యాప్ వచ్చింది, కొట్టు ముందు నిలబడితేనే ఆర్డరు పడేలా జీపీఎస్ పెట్టారు. మంచి మార్పే. కానీ ఒత్తిడి తగ్గకుండా కొలత మాత్రమే మారిస్తే, కొలతకు తగ్గట్టు బిల్లులూ తయారవుతాయి. సరుకు హోల్‌సేల్ కొట్టుకు పోతుంది, బిల్లులు మాత్రం ముప్పై చిన్న కొట్ల పేర పడతాయి. పట్టుకోవడం కష్టం కాదు, చూడాలన్న మనసుంటే చాలు. ఒకే రోజు ఇరవై బిల్లుల్లో అవే ఐదు ఐటమ్‌లు అవే లెక్కలో ఉంటాయి. నిజమైన కొట్లు అలా కొనవు. సాయంత్రం ఏడు దాటాక పది నిమిషాల్లో పదిహేను ఆర్డర్లు కనిపిస్తాయి. ఆ కొట్ల నుంచి డ్యామేజీ రాదు, వాపసు రాదు, ఫిర్యాదు రాదు. బండి రోజుకు ముప్పై చోట్ల దించగలిగితే బిల్లులు డెబ్బై ఉంటాయి. వీటిలో రెండు కలిసి కనిపిస్తే మర్నాడు ఆ లైన్‌కు, అంటే సేల్స్‌మన్ తిరిగే ఆ దారికి వెళ్లి పది కొట్లలో షెల్ఫు చూసి రావాలి.

ఎనిమిది నిమిషాలు

మార్కెటింగ్ వ్యూహం ఎన్ని అంతస్తుల భవనంలో తయారైనా, అది నెగ్గేదీ ఓడేదీ కౌంటర్ దగ్గర సేల్స్‌మన్ నిలబడే ఆ కాసేపట్లోనే. ఆ కాసేపు ఎంతో ముందు తేల్చుకోవాలి.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా 480 నిమిషాలు. భోజనానికి 45 పోతాయి. ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు బండి మీద సగటున మూడు నిమిషాలు. రోజుకు నలభై కొట్లయితే తిరుగుడుకే 120. మిగిలిన 315 నిమిషాలను నలభైతో భాగిస్తే కొట్టుకు ఎనిమిది నిమిషాల లోపు. ఖర్చు కలిసొస్తుందని రోజుకు అరవై కొట్లు చేస్తే నాలుగు నిమిషాల చిల్లర మిగులుతుంది. నాలుగు నిమిషాల్లో అడిగింది రాసుకోవచ్చు గానీ అమ్మడం కుదరదు. సేల్స్‌మన్‌కు ఉత్సాహం లేదని మోటివేషన్ క్లాసులు పెట్టే ముందు ఈ భాగహారం ఒకసారి చేయాలి.

రోజుకు నలభై కొట్లు, వారానికి ఆరు రోజులు, 240 కొట్లు. నలభైలో ఇరవై నాలుగు బిల్లులు పడితే 60 శాతం కొట్లు పలికినట్టు. సగటు బిల్లు 1,200 రూపాయలైతే రోజుకు 28,800, ఇరవై ఐదు పనిరోజులకు 7 లక్షల 20 వేలు. ఇద్దరు సేల్స్‌మన్‌లకు 14 లక్షల 40 వేలు. పైన చెప్పిన 20 లక్షల్లో మిగతా 5 లక్షల 60 వేలు హోల్‌సేల్‌దన్నమాట.

ఈ అంకెల్లో దేన్ని కదిలిస్తే తేలిక? కొట్ల సంఖ్య పెంచితే సమయం చాలదు. కానీ ప్రతి బిల్లులో ఇంకో ఐటమ్, 150 రూపాయలది, చేర్పించగలిగితే ఒక్కొక్కరికి నెలకు 90,000, ఇద్దరికీ లక్షా 80 వేలు పెరుగుతుంది. అదీ స్కీం ఖర్చు లేకుండా. నెలాఖరు దాకా ఆగి హోల్‌సేల్ వాళ్ల కాళ్లావేళ్లా పడి తోసే సరుకు కూడా సుమారు ఇంతే ఉంటుంది.

ఆ ఒక్క ఐటమ్ చేర్పించడం ఎలాగన్నదే అసలు అమ్మే విద్య. కొట్టులోకి వెళుతూనే 'ఏమన్నా కావాలా అన్నా?' అని అడగడం అన్నిటికన్నా చెడ్డ ఆరంభం. దానికి ఎప్పుడో స్థిరపడిపోయిన జవాబు ఉంది: 'ఏం వద్దు, వచ్చే వారం రా.' ముందు చూడాల్సింది ఫోన్‌లో పాత బిల్లు, బాకీ. తర్వాత షెల్ఫు. పోయిన వారం పన్నెండు ఇచ్చినప్పుడు షెల్ఫులో ఆరు ఉన్నాయి, ఇప్పుడు ఐదు కనిపిస్తున్నాయి అంటే వారంలో పదమూడు కదిలాయి. వారం అమ్మకానికి ఒకటిన్నర రెట్లు ఉంచాలన్నది వాడుకలో ఉన్న లెక్క. పదమూడుకు దాదాపు ఇరవై, అందులో ఐదున్నాయి, కావాల్సింది పదిహేను. సరుకు పన్నెండేసి పెట్టెలో వస్తుంది కాబట్టి పన్నెండు ఇవ్వాలి. ఇరవై నాలుగు అంటగట్టకూడదు. 'పదమూడు పోయాయి శెట్టిగారూ, ఓ పెట్టె వేస్తున్నా' అన్నప్పుడు ఎదుటి మనిషికి కాదనడానికి కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. కోస్తాలో బాబాయ్, తెలంగాణలో అన్న, బేగంబజార్‌లో సేఠ్, పిలుపు ఏదైనా లెక్క ఒకటే.

పాత సరుకును ముందుకు జరపడం, కొత్తది వెనక పెట్టడం, గడువు దగ్గరపడ్డవి ఏరి డ్యామేజీ సంచిలో వేసుకోవడం కూడా ఈ ఎనిమిది నిమిషాల్లోనే జరగాలి. చాలామంది సేల్స్‌మన్‌లు దీన్ని ఎగ్గొడతారు. డ్యామేజీ తెస్తే డిస్ట్రిబ్యూటర్ కసురుకుంటాడు, ఎందుకంటే కంపెనీ ఆయనకు ఆ డబ్బు నెలల తరబడి ఇవ్వదు. ఇలా పైనుంచి కిందికి జారిన అలసత్వం చివరికి కొట్టు మూలన గడువు దాటిన పాకెట్ల రూపంలో కూర్చుంటుంది. ఆ మూల ఉన్నంతకాలం కొత్త ఐటమ్ మాటే ఎత్తకూడదు. ఎత్తినా వినేవాళ్లు ఉండరు.

అభ్యంతరాలు నాలుగైదే ఉంటాయి, వాటికి బట్టీ పట్టిన జవాబులు పనిచేయవు. 'పక్క కంపెనీ ఎక్కువ మార్జిన్ ఇస్తోంది' అన్నది వాటిలో బలమైనది. దీనికి కొట్టు మనిషి పెట్టుబడి భాషలోనే జవాబుంది. వెయ్యి రూపాయల సరుకు మీద 8 శాతం మార్జిన్, నెలకు నాలుగుసార్లు తిరిగితే 320 రూపాయలు. 20 శాతం మార్జిన్ ఉన్నది రెండు నెలలకోసారి తిరిగితే నెలకు 100. చోటు ఒకటే, పెట్టుబడి ఒకటే. ఇది పాకెట్ వెనక పెన్నుతో రాసి చూపించాలి, నోటితో చెబితే గాలికి పోతుంది. ఇక 'సరుకు కదలడం లేదు' అన్నప్పుడు అది ఎక్కడుందో చూడాలి. తరచుగా కింది అరలో బియ్యం బస్తా వెనక ఉంటుంది. 'బాకీ ఉంది కదా, ఇప్పుడొద్దు' అన్నది మర్యాదగా చెప్పిన నిరాకరణ. అక్కడ వసూలు ముందు, ఆర్డరు తర్వాత.

వసూళ్ల దగ్గర ఒక పాత రోగం ఉంది. ఈ రోజు ఒక కొట్టులో తీసుకున్న డబ్బు సేల్స్‌మన్ సొంతానికి వాడుకుని, రేపటి కొట్టు వసూలుతో దాన్ని పూడ్చి, ఎల్లుండి వసూలుతో రేపటిది పూడుస్తూ పోతాడు. అతను సెలవు పెట్టిన వారంలోనే ఇది బయటపడుతుంది. అందుకే అసలు సెలవే పెట్టని వసూలు మనిషిని మెచ్చుకునే ముందు కాస్త ఆలోచించాలి. నెలకోసారి వేరే మనిషి కొట్టుకొట్టుకూ వెళ్లి బాకీ రాయించుకుని సంతకం తీసుకుంటే చాలు. ఒక బిల్లు తీరనిదే రెండో బిల్లు లేదన్న నియమం, వారం అరువు దాటనివ్వకపోవడం కూడా ఉంటే గొడవ చాలావరకు తగ్గుతుంది.

మేనేజరు సేల్స్‌మన్‌తో కలిసి లైన్‌కు వెళ్లే రోజున చాలామంది చేసే తప్పు తామే అమ్మేసి చూపించడం. ఆ రోజు బిల్లులు బాగా పడతాయి, మర్నాటి నుంచి యథాప్రకారం. మొదటి పది కొట్లలో నోరు మూసుకుని చూసి, టీ కొట్టు దగ్గర ఒక్క లోపం చెప్పి, తర్వాతి పది కొట్లలో ఆ ఒక్కటే సరిచేయించడం నయం.

పల్లెకు బండి గిట్టదు

పట్టణంలో కలిసొచ్చే లెక్క పల్లెలో తలకిందులవుతుంది. బండి, డ్రైవరు, సేల్స్‌మన్, డీజిలు కలిపి రోజుకు 2,000 ఖర్చనుకుంటే, రోజంతా తిరిగి ఇరవై ఐదు కొట్లలో 900 చొప్పున అమ్మినా వచ్చేది 22,500. దాని మీద 5 శాతం 1,125. రోజుకు 875 నష్టం. పల్లె మార్కెట్ అపారమని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ 875 ఎవరు భరించాలో చెప్పరు.

హిందుస్థాన్ లీవర్ (ఇప్పటి హిందుస్థాన్ యూనిలీవర్) పల్లె మహిళల చేత సరుకు అమ్మించే 'శక్తి' పథకాన్ని మొదలుపెట్టింది నల్గొండ జిల్లా పల్లెల్లో కావడం కాకతాళీయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే మహిళల పొదుపు సంఘాలు గట్టిగా వేళ్లూనుకుని ఉన్నాయి. ఊరికి రోజూ బండి పంపే బదులు, ఆ ఊళ్లోనే ఉన్న మహిళ చేతికి సరుకు అందిస్తే చివరి నాలుగు కిలోమీటర్ల ఖర్చు తప్పుతుంది. ఆమె మాటకు ఇరుగుపొరుగులో ఉండే విలువ అదనం. వ్యాపారపరంగా చూస్తే ఇది దాతృత్వం కన్నా ముందు రవాణా ఖర్చుకు దొరికిన జవాబు.

చిన్న కంపెనీలకు అంత వ్యవస్థ ఉండదు. మండల కేంద్రంలో ఒక సబ్‌స్టాకిస్టును పెట్టి, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్‌కు పైన ఆయనకో 2, 3 శాతం ఇచ్చి, చుట్టూ పల్లెల కొట్లు ఎటూ సరుక్కి వచ్చే చోటే తమ సరుకు ఉండేలా చూసుకోవడం వాళ్లు చేయగలిగిన పని. లైన్ రోజులు వేసేటప్పుడు సంత రోజు చూసుకోవాలి. ఆంధ్రలో సంతైనా, తెలంగాణలో అంగడైనా, ఆ రోజు కొట్టు మనిషికి సేల్స్‌మన్ ముఖం చూసే తీరిక ఉండదు. ముందు రోజు వెళితే నిండా ఆర్డరిస్తాడు. తర్వాతి రోజు వెళితే బాకీ ఇస్తాడు. రెండిట్లో ఏది కావాలో తేల్చుకుని రూటు వేసుకోవాలి.

కొత్త సరుకు, కొత్త పోటీ

కొత్త ఉత్పత్తి దింపినప్పుడు మొదటి నెల అంకెలు చూసి సంబరపడే అలవాటు ఉంది. 240 కొట్లలో 150 కొట్లు తీసుకున్నాయంటే అందులో సగం సేల్స్‌మన్ మొహమాటం, సగం స్కీం. చూడాల్సింది నాలుగో వారంలో ఆ 150లో ఎన్ని కొట్లు అడిగి మళ్లీ తీసుకున్నాయన్నది. ముప్పై అయితే, అంటే 20 శాతమే అయితే, ఇంకో వంద కొట్లకు తోయడం ఆపి, ఆ ముప్పై కొట్లకు వెళ్లి ఎవరు కొంటున్నారో అడగాలి. వంద కొట్లలో నలభైలో సరుకు ఉన్నా, ఆ నలభై కొట్లే ఆ రకం సరుకులో 65 శాతం అమ్మేవైతే, అది చెడ్డ స్థితి కాదు. వందా నింపాలన్న పట్టుదల కన్నా ఆ నలభైలో ఎప్పుడూ ఖాళీ పడకుండా చూడటం లాభం.

పెద్ద సూపర్‌మార్కెట్లు, హోల్‌సేల్ యాప్‌లు, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చేవాళ్లు వచ్చాక కొట్టు మనిషి ఫిర్యాదు మారింది. 'నాకు నువ్విచ్చే రేటు కన్నా వాళ్లు జనానికి అమ్మే రేటే తక్కువ' అంటున్నాడు. చాలాసార్లు అది నిజమే. 2021 చివర్లో వినియోగ వస్తువుల డిస్ట్రిబ్యూటర్ల అఖిల భారత సమాఖ్య ఇదే అసమానత మీద కంపెనీలకు సహాయ నిరాకరణ ప్రకటించింది. దీనికి కంపెనీలు వెతుక్కున్న దారుల్లో ఒకటి ఛానెల్‌కో సైజు: సూపర్‌మార్కెట్‌కు పెద్ద పాకెట్, కిరాణాకు ఐదు, పది రూపాయల పాకెట్. ధరలు పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. పూర్తి పరిష్కారం కాకపోయినా, ఒకే పాకెట్‌ను మూడు ధరలకు మూడు చోట్ల అమ్మి సేల్స్‌మన్‌ను మాటలు పడమని పంపడం కన్నా నయం.

ఇన్సెంటివ్ విషయం త్వరగా చెప్పుకోవచ్చు. నూరు శాతం చేరితేనే డబ్బు, తొంభై తొమ్మిదికి సున్నా అని పెడితే, 26వ తేదీకి చేరలేనని తేలిపోయిన సేల్స్‌మన్ వచ్చిన ఆర్డర్లు కూడా దాచి ఒకటో తేదీన వేస్తాడు. తొంభై శాతం నుంచి మెట్లు లేకుండా ఏటవాలుగా పెరిగే ఇన్సెంటివ్ పెడితే దాచడానికి కారణమే ఉండదు. అందులో సగం అమ్మకం విలువకు, మిగతా సగం పలికిన కొట్లకు, బిల్లుకు ఐటమ్‌లకు, బాకీ ఎన్నాళ్లదన్నదానికి. ఇంతకు మించి కొలతలు పెడితే సేల్స్‌మన్‌కే గుర్తుండవు. మేనేజరుకు మాత్రం ఒక్క అంకె చేర్చాలి: నెల బిల్లింగులో చివరి వారం వాటా. నాలుగు వారాలకూ 22, 24, 26, 28 శాతం చొప్పున ఉంటే ఆరోగ్యం. చివరి వారమే 40 దాటితే ఏ గోదామో ఉబ్బుతోందన్నమాట.

ఉబ్బిన గోదాం ఖరీదు 2025 సెప్టెంబర్‌లో అనుకోకుండా బయటపడింది. 3వ తేదీన జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 శాతం నుంచి 5కు దిగాయి, 22వ తేదీ నుంచి అమలు. మధ్యలో దాదాపు మూడు వారాలు కొట్లు కొనడం తగ్గించేశాయి, రేటు తగ్గుతుందని తెలిసి ఎవరు కొంటారు? 22 నాటికి గోదాంలో ఉన్న సరుకుకు డిస్ట్రిబ్యూటర్ 18 శాతం పన్ను కట్టి ఉన్నాడు, అమ్మేటప్పుడు వసూలు చేసేది 5. మన ఉదాహరణలోని 10 లక్షల నిల్వ మొత్తం ఈ రకానిదే అనుకుంటే, కట్టిన పన్ను లక్షా 80 వేలు. ఆ సరుకు పదిన్నర లక్షలకు అమ్మితే చెల్లించాల్సిన పన్ను 52,500. మిగిలిన లక్షా 27,500 ఆయన క్రెడిట్ లెడ్జర్‌లో, అంటే ముందే కట్టిన పన్నును తర్వాతి పన్నులో సర్దుకునే ఖాతాలో చిక్కుకుంది, డబ్బుగా చేతికి రాదు. ఇకపై నెలనెలా ఆయన నికరంగా కట్టాల్సింది లక్ష మార్జిన్ మీద 5 శాతం, అంటే 5,000. కంపెనీ వేరే దారిలో సర్దకపోతే ఆ క్రెడిట్ కరగడానికి రెండేళ్లకు పైన ఇంకో నెలో, నెలన్నరో పడుతుంది. 16 లక్షల నిల్వతో కూర్చున్న పక్క ఊరి డిస్ట్రిబ్యూటర్‌కు అదే లెక్కన చిక్కింది 2 లక్షల 4 వేలు, కరగడానికి నలభై ఒక్క నెలలు. ఆ అదనపు 6 లక్షలు జులై, ఆగస్టు నెలాఖరుల్లో దిగిన లారీలవే.